తోటి లెక్చరర్లకి ఏఐ మీద ట్రైనింగ్ పెట్టమన్నారు, తూతూమంత్రం కాకుండా ఎలా చెయ్యాలి?

వెనకబెంచీ_లెక్చరర్ అడిగారు:

అందరికీ నమస్తే అండి. నేను యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. ఏఐ టూల్స్ ఏవో కొంచెం వాడతానని ఎవరో మా హెడ్ చెవిన వేసినట్టున్నారు, ఇంకేముంది, వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు డిపార్ట్‌మెంట్ మొత్తానికి "ఏఐతో బోధన" అని ఒక ట్రైనింగ్ నువ్వే పెట్టు అని నా నెత్తిన పెట్టేశారు. వద్దనడానికి లేదు, పైగా నాకూ కాస్త ఇంట్రెస్టే.

సమస్య ఏంటంటే ఇలాంటి ట్రైనింగులు ఎలా జరుగుతాయో అందరికీ తెలిసిందే కదా. ఒక రోజు, ఒక హాలు, బయటి నుంచి వచ్చిన ఒకాయన, అంతులేని స్లైడ్లు, మధ్యాహ్నానికి సగం మంది ఫోన్లలో ఉంటారు, సాయంత్రం సర్టిఫికెట్ ఇస్తారు, ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ "చాలా బాగుంది" అని రాసేసి వెళ్లిపోతారు. మర్నాటి నుంచి క్లాసులో షరా మామూలే. ఆ జాబితాలోకి నేను ఇంకోటి చేర్చదల్చుకోలేదు.

పైగా వచ్చేవాళ్లు తలో రకం. సీనియర్లలో కొందరికి ఏఐ పేరెత్తితేనే చిరాకు, పిల్లలు ఆలోచించడం మానేసింది దీనివల్లే అంటారు. కుర్ర లెక్చరర్లు కొందరు క్వశ్చన్ పేపర్ నుంచి ఫీడ్‌బ్యాక్ దాకా అన్నీ దానికే అప్పజెప్పేస్తున్నారు, అది ఇచ్చింది ఒకసారైనా చదువుతున్నారా అని నాకు డౌటు. మిగతా వాళ్లందరికీ కావాల్సింది ఒక్కటే, ఎవడు కాపీ కొట్టాడో పట్టుకునే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పు చాలు అంటారు.

నా దగ్గర ఉన్న ప్లాన్ ఏంటంటే పొద్దున ప్రాంప్ట్‌లు, అంటే ఏఐకి ఇచ్చే ప్రశ్నలు, సూచనలు, ఎలా రాయాలో చెప్పడం, మధ్యాహ్నం ఒక పది టూల్స్ డెమో. రాసుకున్నాక నాకే నచ్చలేదు. ఇలాంటివి పెట్టినవాళ్లు, కూర్చున్నవాళ్లు, విసిగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలు ఏది పనిచేస్తుంది?

పాఠాలగది రాశారు:

నేను యూనివర్సిటీ టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు ఆ ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి. 2011లో బయోసైన్స్ అనే జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. అమెరికాలో బయాలజీ చెప్పే ఫ్యాకల్టీకి వర్క్‌షాపులు పెట్టి, తర్వాత ఏం మారిందో చూశారు. అడిగితే 89 శాతం మంది మేం మారాం, ఇప్పుడు పిల్లల చేత చేయించే పద్ధతిలోనే చెప్తున్నాం అన్నారు. అదే వాళ్ల క్లాసుల వీడియోలు తీసి చూస్తే 75 శాతం మంది లెక్చరే ఇస్తున్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, మారామనే నిజంగా అనుకున్నారు, మధ్యలో రెండు ప్రశ్నలు వేస్తే పద్ధతి మారిపోయినట్టే అనిపిస్తుంది మనకి. అందుకే "బాగుంది" అన్న ఫారాలు చూసి ఎవరూ మురిసిపోనక్కర్లేదు.

అదే ఏడాది ఇంకో రివ్యూ కూడా వచ్చింది, యూనివర్సిటీ బోధనని మార్చాలని జరిగిన ప్రయత్నాల మీద 191 పేపర్లు కూర్చుని చదివారు. పని చెయ్యనివి ముఖ్యంగా రెండు అని తేలింది. ఒకటి, "బెస్ట్ ప్రాక్టీస్" మెటీరియల్ తయారుచేసి అందరికీ పంచేయడం. రెండు, పైనుంచి ఆర్డర్ వేసి మార్చాలనుకోవడం. మీ హెడ్ గారు చేస్తున్నది రెండోది, మీ ప్లాన్‌లో ఉన్నది మొదటిది, ఏమనుకోకండి :) పని చేసినవి మాత్రం కనీసం ఒక సెమిస్టర్ పాటు నడిచినవి, టీచర్లకి ముందే ఉన్న నమ్మకాలని పట్టించుకుని అక్కడి నుంచి మొదలుపెట్టినవి.

కాబట్టి నా సలహా, ఒక రోజు అన్నది వదిలెయ్యండి. మొదట ఒక మూడు గంటలు, తర్వాత సెమిస్టర్ పొడుగునా రెండు మూడు వారాలకోసారి ఒక గంట. అంతే టైము, కానీ మధ్యలో వాళ్లు క్లాసుకి వెళ్లి ఏదో ఒకటి చేసి రావాలి, వచ్చి ఏమైందో చెప్పాలి. ఈ మధ్యలో జరిగేదే అసలు ట్రైనింగ్, మీటింగ్ దానికి వంక మాత్రమే.

ఆ మొదటి మూడు గంటల్లో స్లైడ్లు వద్దు. ప్రతి ఒక్కరినీ తమ కోర్సులో నిజంగా ఇచ్చే ఒక అసైన్‌మెంట్, దానికి మార్కులు వేసే స్కీమ్ తెచ్చుకోమనండి. పక్కపక్కన ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఆ అసైన్‌మెంట్‌ని ఉన్నదున్నట్టు ఏఐ టూల్‌లో పెట్టించండి. వచ్చిన జవాబుని పక్కవాళ్లకి ఇచ్చి, పోయిన ఏడాది పిల్లలు రాసిన జవాబులు రెండు కూడా పేర్లు తీసేసి దాంట్లో కలిపి, ఏది ఏదో చెప్పకుండా మార్కులు వేయించండి. అప్పుడు హాల్లో వచ్చే నిశ్శబ్దం ఏ గెస్ట్ లెక్చరూ తేలేదు. కొన్ని అసైన్‌మెంట్లకి డిస్టింక్షన్ మార్కులు వస్తాయి, కొన్నిటికి తప్పులతడక వస్తుంది, కొన్నిటికి చూడ్డానికి నున్నగా ఉండి లోపల ఏమీ లేని జవాబు వస్తుంది. ఈ మూడో రకం దగ్గర ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే దానికి మంచి మార్కులు పడ్డాయంటే తేడా ఏఐలో లేదు, మన మార్కుల స్కీమ్‌లో ఉంది. భాష బాగుందా, హెడ్డింగులు ఉన్నాయా, పాయింట్లు అన్నీ వచ్చాయా అని మనం మార్కులు వేస్తుంటే అవన్నీ దానికి చాలా తేలిక.

అక్కడి నుంచి ప్రశ్న ఎటూ మారుతుంది, ఈ అసైన్‌మెంట్ పెట్టింది పిల్లాడి దగ్గర ఏం చూద్దామని? అది ఒక్కటి తేలితే ఏఐ వాడొచ్చా వద్దా అన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. మీ స్టాటిస్టిక్స్‌లోనే చూడండి, టీ టెస్ట్ (రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే పరీక్ష) లెక్క చెయ్యడం రావాలా, లేక ఈ డేటాకి టీ టెస్ట్ వాడొచ్చో లేదో చెప్పడం రావాలా? మొదటిదైతే క్లాసులో కాగితం మీద చేయించాలి. రెండోదైతే ఏఐ ఇచ్చిన అనాలిసిస్‌ని పిల్లలకే ఇచ్చి ఇందులో ఏ అజంప్షన్ తప్పిందో పట్టుకోమనొచ్చు.

టూల్స్ డెమో మాత్రం కొట్టెయ్యండి. ఇవాళ చూపించిన స్క్రీన్ రేపటికి అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

చాక్‌పీస్‌ముక్క రాశారు:

రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్న సీనియర్‌ని బాబూ, మీరు చెప్పిన ఆ చిరాకు బ్యాచ్‌లో మనిషిని. మా తరఫున ఒక మాట చెప్పనివ్వండి.

మాకు టెక్నాలజీ అంటే భయం అనుకుంటారు అందరూ. భయం కాదు, విసుగు. టీవీ పాఠాలు వచ్చినప్పుడు టీచర్ అక్కర్లేదన్నారు, సీడీలు వచ్చినప్పుడు అన్నారు, 2012లో మూక్‌లు, అదే నెట్‌లో ఎవరైనా చేరగలిగే కోర్సులు, వచ్చినప్పుడైతే ఇక యూనివర్సిటీలే మూతపడతాయన్నంత హడావుడి చేశారు. ప్రతిసారీ ఒక ట్రైనింగ్, ప్రతిసారీ "మీరు మారకపోతే వెనకబడిపోతారు" అని మా వయసులో సగం లేని మనిషి వచ్చి చెప్పడం. మీ సెషన్‌లో ఆ ఒక్క వాక్యం రాకుండా చూసుకోండి, సగం గెలిచినట్టే.

రెండోది, మమ్మల్ని వినేవాళ్లుగా కూర్చోబెట్టకుండా పని చెప్పండి. ఏఐ ఇచ్చిన జవాబులో తప్పు ఎక్కడుందో హాల్లో అందరికంటే ముందు పట్టుకునేది ఆ సబ్జెక్ట్ చాలాకాలం చెప్పినవాడే. పైన పాఠాలగది గారు చెప్పిన మార్కులు వేసే పని మా చేతే చేయించండి. కుర్రాళ్లకి టూల్ తెలుసు, మాకు పిల్లలు ఎక్కడ బోల్తా పడతారో తెలుసు, ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే చాలు, మీరు పెద్దగా మాట్లాడాల్సిన పని ఉండదు.

ఇక పిల్లలు ఆలోచించడం మానేస్తున్నారన్న మాట. అది ముసలాళ్ల సణుగుడు అని కొట్టిపారెయ్యకండి. టర్కీలో హైస్కూల్ లెక్కల క్లాసుల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది, జీపీటీ-4 అనే ఏఐ ఇచ్చి ప్రాక్టీస్ లెక్కలు చేయిస్తే మామూలు చాట్ ఇచ్చినవాళ్లకి ప్రాక్టీస్‌లో 48 శాతం ఎక్కువ వచ్చింది. తర్వాత అది తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముఖం చూడని వాళ్ల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. ఇదే నేను స్టాఫ్ రూంలో చెప్తే ఎవరూ వినలేదు, నంబర్ ఉంటే వింటారేమో.

అయితే నిజాయితీగా మిగతా సగం కూడా చెప్పాలి. అదే ప్రయోగంలో ఇంకో గ్రూపుకి జవాబు చెప్పకుండా టీచర్లు రాసిన హింట్లు మాత్రమే ఇచ్చేలా కట్టేసిన ఏఐ ఇచ్చారు. వాళ్లకి ఆ నష్టం దాదాపు లేదు. అలాగే హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసులో 194 మంది స్టూడెంట్స్‌తో జరిగిన స్టడీ ఒకటి 2025లో పబ్లిష్ అయింది, జాగ్రత్తగా డిజైన్ చేసిన ఏఐ ట్యూటర్‌తో ఇంట్లో నేర్చుకున్నవాళ్లు, మంచి యాక్టివ్ లెర్నింగ్ (పిల్లల చేత చేయించే పద్ధతి) క్లాసులో కూర్చున్నవాళ్ల కంటే తక్కువ టైములో ఎక్కువ నేర్చుకున్నారు. టూల్ ఒకే జాతిది, చుట్టూ కంచె ఎవరు వేశారు ఎలా వేశారు అన్నదే తేడా. కంచె వేసింది టీచర్లే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, నాలాంటివాళ్లు కూడా లేచి కూర్చుంటారు.

ఎర్రసిరా రాశారు:

నేను ఇంగ్లిష్ కాంపోజిషన్ చెప్తాను కాబట్టి ఆ "పట్టుకునే సాఫ్ట్‌వేర్" బాధ మా డిపార్ట్‌మెంట్‌కే ఎక్కువ. ఒక్కటే మాట అండి, మీ సెషన్‌లో ఏ డిటెక్టర్ పేరూ రికమెండ్ చెయ్యకండి.

చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ వదిలారు, ఏఐ రాసిన వాటిలో 26 శాతాన్నే అది పట్టగలిగింది, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని ఏఐ అంది. ఆర్నెల్లు తిరక్కుండా జులైలో దాన్ని వాళ్లే తీసేశారు, కారణం కరెక్ట్‌గా చెప్పలేకపోవడం. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు డిటెక్టర్లకి టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకి రాసిన 91 వ్యాసాలు ఇచ్చారు, అవన్నీ ఇంగ్లిష్ మాతృభాష కాని మనుషులు సొంతంగా రాసినవి. సగటున 61 శాతం వ్యాసాల్ని ఏఐ రాసింది అని ముద్ర వేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం ఈ గోల దాదాపు లేదు. ఎందుకంటే ఈ డిటెక్టర్లు ఎక్కువగా చూసేది తర్వాత వచ్చే మాట ఎంత ఊహించేలా ఉంది అని, నేర్చుకున్న భాషలో రాసేవాడు తెలిసిన మాటలే తిప్పి తిప్పి వాడతాడు, మరి ఇరుక్కోడా? మనం చెప్పే పిల్లల్లో ఎక్కువమంది ఎవరో ఒకసారి ఆలోచించండి.

వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో టర్నిటిన్‌లో (కాపీ పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న ఏఐ డిటెక్షన్‌ని ఆపేసింది. వాళ్లు వేసిన లెక్క చాలా సింపుల్, 2022లో వాళ్ల దగ్గర టర్నిటిన్‌కి వెళ్లినవి 75,000 పేపర్లు, కంపెనీ చెప్పిన ఒక్క శాతం పొరపాటునే నిజమనుకున్నా 750 పేపర్ల మీద అన్యాయంగా నింద పడేది. మీ స్టాటిస్టిక్స్ వాళ్లకి ఫాల్స్ పాజిటివ్ (తప్పు చెయ్యనివాణ్ని దోషి అనడం) గురించి నేను చెప్పడం ఏంటి, తాతకి దగ్గులు నేర్పినట్టు :) కానీ ఈ ఒక్క ఉదాహరణ బోర్డు మీద వేసి, క్లాసులో కాపీ కొట్టినవాళ్లు పది శాతమే అయితే పట్టుబడిన వాళ్లలో నిజంగా దోషులు ఎంతమంది అని లెక్క కట్టించండి, సెషన్‌లో అందరికీ నచ్చే భాగం అదే అవుతుంది.

మరి అనుమానం వస్తే ఏం చెయ్యాలి అంటారు. నేను చేసేది, వ్యాసం ఒకేసారి తీసుకోను. టాపిక్, చిన్న అవుట్‌లైన్, మొదటి డ్రాఫ్ట్, దాని మీద నేను అడిగిన ప్రశ్నలకి జవాబు, తర్వాత ఫైనల్. మార్కులు కూడా అలాగే చీలుస్తాను. ఏఐ వాడితే ఎక్కడ వాడారో చివర రెండు లైన్లు రాయమంటాను, రాసినందుకు మార్కు పోదు. చివరి పేరాలో ఒక వాక్యం చూపించి ఇది ఎందుకిలా రాశావు అని అడుగుతాను. రాసినవాడు మాట్లాడతాడు, రాయనివాడు నా మొహం చూస్తాడు.

కోడ్‌కోతి రాశారు:

@ఎర్రసిరా మేడం, వినడానికి బాగుంది కానీ మీ క్లాసులో ఎంతమంది? నాది ఫస్ట్ ఇయర్ ప్రోగ్రామింగ్, 120 మంది. ఒక్కొక్కళ్లకి అయిదు నిమిషాలు వైవా అంటే 600 నిమిషాలు, అంటే పది గంటలు, ఒక్క అసైన్‌మెంట్‌కి. ఎవరి వల్ల అవుతుంది చెప్పండి.

అందుకే నాకు సిడ్నీ యూనివర్సిటీ వాళ్ల పద్ధతి నచ్చింది, అసెస్‌మెంట్లని రెండు లేన్లుగా విడగొట్టేశారు. ఒక లేన్‌లో మన కళ్ల ముందు జరిగేవి, పరీక్షలు, వైవాలు, ల్యాబ్ టెస్టులు, అక్కడ ఏఐ వాడొచ్చో లేదో టీచర్ ఇష్టం. రెండో లేన్‌లో ఇంటికి ఇచ్చేవన్నీ, అక్కడ ఏఐ ఉంటుందనే లెక్క వేసుకుంటారు, వద్దని చెప్పి పోలీసు పని చెయ్యరు. ఎందుకంటే అమలు చెయ్యలేని రూల్ పెడితే నష్టపోయేది దాన్ని పాటించిన పిల్లాడే కదా. కోర్సు మొత్తం మీద వాడికి నిజంగా వచ్చా రాదా అన్నది మొదటి లేన్‌లో తేల్చుకుంటే చాలు, ప్రతి అసైన్‌మెంట్ దగ్గరా తేల్చుకోవాల్సిన పని లేదు.

నేను ఇప్పుడు చేస్తున్నది, ఇంటికి ఇచ్చిన ప్రోగ్రామ్ ఎలా చేసుకొచ్చినా సరే, ల్యాబ్‌కి వచ్చాక వాడి కోడ్ వాడికే ఇచ్చి, నెట్ లేకుండా, ఒక చిన్న మార్పు చెయ్యమంటాను. ఇన్‌పుట్ ఫైల్ ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ పడిపోకుండా చెయ్యి, అలాంటిది. అర్థం చేసుకున్నవాడికి పది నిమిషాల పని. 120 మందీ ఒకేసారి చేస్తారు, నాకు వైవా గోల లేదు, దిద్దడానికి టెస్ట్ కేసులున్నాయి. కాపీ కొట్టాడా అని నేను అడగనే అడగను.

ట్రైనింగ్ విషయంలో ఒకటే యాడ్ చేస్తా. కుర్ర లెక్చరర్లు అన్నీ ఏఐకే అప్పజెప్తున్నారు అన్నారు కదా, వాళ్లని తిట్టకుండా ఒక పని చేయించండి. ఏఐతో పది ఎంసీక్యూలు చేయించి, కీ ఇవ్వకుండా వాళ్లనే సాల్వ్ చెయ్యమనండి. రెండు సరైన జవాబులున్న ప్రశ్న, ఏ జవాబూ కరెక్ట్ కానిది, తప్పు ఆప్షన్లు మరీ వెర్రిగా ఉండి చదవకుండానే జవాబు తెలిసిపోయేది, ఇలా ఏదో ఒకటి తగులుతుంది. తర్వాత అదే టూల్‌కి "పిల్లలు సాధారణంగా చేసే తప్పులు ఇవీ" అని మన అనుభవంలోంచి నాలుగు రాసి ఇచ్చి మళ్లీ చేయించండి, ఆప్షన్ల క్వాలిటీ ఎంత మారుతుందో వాళ్లే చూస్తారు. ప్రాంప్ట్ ఇంజనీరింగ్ అని పెద్ద పేరు పెట్టారు కానీ టీచర్‌కి సంబంధించినంత వరకు అందులో సగం సబ్జెక్ట్ నాలెడ్జే.

గంటలలెక్క రాశారు:

ఎవరూ ఎత్తని పాయింట్ ఒకటి. నేను పార్ట్‌టైం, క్లాసు గంటకి ఇంత అని ఇస్తారు. ట్రైనింగ్ గంటలకి ఏమీ రాదు. "సెమిస్టర్ పొడుగునా రెండు మూడు వారాలకోసారి" అని చదవగానే నాకు తట్టింది ఇదే, ఆ గంట నాకు ఎవరిస్తారు? చాలా చోట్ల ఫస్ట్ ఇయర్ పిల్లలకి చెప్పేది మాలాంటి వాళ్లూ, టీచింగ్ అసిస్టెంట్లుగా చేసే పీహెచ్‌డీ స్టూడెంట్లే, ట్రైనింగ్ లిస్టులో మాత్రం పర్మనెంట్ వాళ్ల పేర్లే ఉంటాయి.

మీ హెడ్‌ని అడగాల్సింది ఈ విషయమే, స్లైడ్ల సంగతి కాదు. గంటకి డబ్బు ఇస్తారా, లేదా ఆ సెమిస్టర్‌లో ఏదో ఒక పని, పోనీ ఇన్విజిలేషన్ డ్యూటీ, తగ్గిస్తారా అని. ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి లెక్క పెట్టేది పేపర్లే అయినప్పుడు పర్మనెంట్ వాళ్లు మాత్రం ఎందుకు వస్తారు, సర్టిఫికెట్ కోసం తప్ప.

వెనకబెంచీ_లెక్చరర్ రాశారు:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇన్ని వస్తాయనుకోలేదు. @చాక్‌పీస్‌ముక్క గారూ, ఆ రెండు స్టడీలు పక్కపక్కన పెట్టే ఐడియా నేను తీసేసుకున్నా.

ప్రాంప్ట్‌లు, పది టూల్స్, అన్నీ కొట్టేశాను. ఇప్పుడు అనుకుంటున్నది ఇదీ. మొదటి రోజు మూడు గంటలు, ఎవరి అసైన్‌మెంట్ వాళ్లు తెచ్చుకుని పేర్లు లేకుండా మార్కులు వేయడం, తర్వాత ఆ ఫాల్స్ పాజిటివ్ లెక్క, చివర్లో ప్రతి ఒక్కరూ తమ అసైన్‌మెంట్‌లో ఒక్కటంటే ఒక్కటే మార్పు రాసుకుని వెళ్లడం. తర్వాత సెమిస్టర్‌లో నలుగురేసి గ్రూపులు, ఒక సీనియర్ ఒక జూనియర్ ఖచ్చితంగా ఉండేలా. @గంటలలెక్క గారు చెప్పింది హెడ్‌ని అడిగాను, డబ్బు కుదరదన్నారు, కానీ గ్రూపులో ఉన్నవాళ్లకి ఇన్విజిలేషన్ ఒక విడత తగ్గిస్తామన్నారు, పార్ట్‌టైం వాళ్లకి వర్తిస్తుందా అంటే చూద్దాం అన్నారు. ఆ "చూద్దాం" వెనకాల పడుతున్నాను.

రెండు డౌట్లు మిగిలాయి. ఒకటి, ఫీడ్‌బ్యాక్ ఫారం నమ్మలేం అన్నారు, క్లాసులో నిజంగా ఏదైనా మారిందో లేదో తెలుసుకోవడం ఎలా? ఒకళ్ల క్లాసులోకి ఇంకొకళ్లు వెళ్లి కూర్చోవడం అంటే మా దగ్గర ఇన్‌స్పెక్షన్ అనే అనుకుంటారు. రెండోది, పోయిన ఏడాది పిల్లల జవాబులు టూల్‌లో పెట్టొచ్చా?

పాఠాలగది రాశారు:

రెండోది ముందు చెప్తా, అది తేలిక. పెట్టకండి. పిల్లల జవాబులు కాగితం మీద ప్రింట్ తీసి, పేరు, రోల్ నంబర్, చేతిరాత గుర్తుపట్టేలా ఉంటే అదీ తీసేసి, మనుషుల చేతికే ఇవ్వండి. టూల్‌లోకి వెళ్లాల్సింది మీ ప్రశ్న మాత్రమే. ఫ్రీ అకౌంట్‌లో పెట్టింది ఎక్కడికి పోతుంది, ఏఐకి నేర్పడానికి వాడుకుంటారా లేదా అన్నది ఆ కంపెనీ సెట్టింగుల మీద ఉంటుంది, పిల్లాడి రాత పిల్లాడిది, వాడిని అడగకుండా మనం ఇవ్వకూడదు. యూనివర్సిటీ ఒప్పందం చేసుకున్న టూల్ ఏదైనా ఉంటే దాని రూల్స్ ఏంటో ఐటీ వాళ్లని ముందే అడిగి పెట్టుకోండి, ఈ ప్రశ్న సెషన్‌లో ఎవరో ఒకరు ఖాయంగా అడుగుతారు.

మొదటిది, ఇన్‌స్పెక్షన్ భయం నిజమే. దానికి పాత పద్ధతి ఒకటి ఉంది, సెమిస్టర్ సగంలో టీచర్ ఒక ఇరవై నిమిషాలు క్లాసులోంచి బయటికి వెళ్లిపోతాడు, వేరే టీచర్ లోపలికొచ్చి పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా చేసి, ఈ కోర్సులో మీకు నేర్చుకోవడానికి సాయపడుతున్నది ఏంటి, ఏది మారిస్తే ఇంకా బాగుంటుంది అని అడిగి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నాక బోర్డు మీద రాయిస్తాడు. పేర్లు ఉండవు. తర్వాత ఆ ఇద్దరు టీచర్లే కూర్చుని మాట్లాడుకుంటారు, కాగితం హెడ్ దగ్గరికి వెళ్లదు. ఇది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి, హెడ్‌కి గానీ ప్రమోషన్ ఫైలుకి గానీ ఒక్క కాగితం వెళ్లినా ఇక ఎవరూ నిజం చెప్పరు.

ఇంకో జాగ్రత్త. లెక్చర్ తగ్గించి పిల్లల చేత చేయించడం మొదలుపెట్టగానే వాళ్లు గొణుగుతారు, మీ టీచర్లు బెదిరిపోయి వెనక్కి వెళ్లిపోతారు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో దీన్నే కొలిచారు, అలా చేసిన పిల్లలు టెస్ట్‌లో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. కష్టపడితే రావట్లేదేమో అనిపిస్తుంది, ఎవరో నున్నగా చెప్తుంటే వచ్చేసినట్టే ఉంటుంది. ఏఐ ఇచ్చిన జవాబు చదివినప్పుడు వచ్చే "అర్థమైపోయింది" కూడా ఇలాంటిదేనని నా అనుమానం. గట్టు మీద కూర్చుని ఈత చూస్తే ఎవరికైనా వచ్చేసినట్టే ఉంటుంది కదా. ఈ సంగతి సెమిస్టర్ మొదట్లోనే పిల్లలకి చెప్పేయమనండి, గొణుగుడు కొంత తగ్గుతుంది.

కోడ్‌కోతి రాశారు:

ఒక చిల్లర సలహా, కానీ దీనివల్లే సెషన్లు పాడవుతాయి. లాగిన్లు ముందు రోజే చేయించండి. హాల్లో అందరూ ఒకేసారి అకౌంట్ ఓపెన్ చేస్తే ఓటీపీ రాదు, ఒకళ్లకి పాస్‌వర్డ్ గుర్తుండదు, మీ మూడు గంటల్లో ఒక గంట అందులోనే పోతుంది. ఇంకా సేఫ్‌గా ఉండాలంటే అసైన్‌మెంట్లు ముందే మెయిల్‌లో తెప్పించుకుని, జవాబులు మీరే రాబట్టి ప్రింట్లు తీసుకెళ్లండి. నెట్ ఉన్నా లేకపోయినా మార్కులు వేసే పని ఆగదు.

వెనకబెంచీ_లెక్చరర్ రాశారు:

ప్రింట్లే తీసుకెళ్తా బాబూ. అసైన్‌మెంట్ పంపమని అందరికీ మెయిల్ పెట్టాను, అందరికంటే ముందు పంపింది ఏఐ అంటే మండిపడే సీనియర్ మేడం గారే, కింద "దీనికి అదెంత తెచ్చుకుంటుందో నేనూ చూస్తా" అని రాశారు.